లప్పం

శుక్రవారం తప్ప రోజూ
అజ్మాన్ ఓడల యార్డు కాడి నుంచి మా షెడ్డుకు లారీ వస్తది.
ఇప్పిన లాంచీ పలకలు, ఉప్పు తిని తెల్లవడ్డ టేకు,
నా బొటనవేలంత మొలలు.
మొల పీకితే కట్టె కీసుమంటది.
తుప్పు మొలలు డబ్బాలెయ్యాలె,
అవి గూడ అమ్ముతరు, కిలోల లెక్క.

మెట్‌పల్లిల మా నాయిన పని నేర్పినప్పుడు
మొదటి పాఠం రంపం గాదు, లప్పం.
రంపపు పొట్టు, సరేసు కలిపి
చీలిన కాడ, ఉలి జారిన కాడ
వేలితోటి నింపి, రుద్ది, మళ్ల నింపి,
"తప్పు జేసినోని కంటికి గూడ
కనవడొద్దురా" అనేటోడు.

ఈడ అట్ల గాదు.
వచ్చిన మొదటి వారం ఒక బల్లకు
పదహారు బొక్కలు నింపిన, మస్తు ఓపికతోటి.
రీమా మేడం చూసి తలకాయ పట్టుకుంది.
"చారీ, ఆ బొక్కలకే గదా పైసలు!"
దబ్బనం వట్టుకొని
పదహారు మళ్ల తవ్విన.
నాలుగు వేల దిర్హములకు వోయింది ఆ బల్ల.
దాని మీద అన్నం తింటరో, ఉత్తగ చూస్తరో.

ఇంకోసారి ఒక చుక్కాని వచ్చింది, మనిషంత ఎత్తు.
దాన్ని నేను కడిగిన. గంతే.
గోడకు బిగించి, మీద దీపం పెట్టి
ఇది కళ అన్నరు.
నేను సబ్బు నీళ్ల బకెటు వట్టుకొని
జరసేపు నిలవడి చూసిన,
నా పనే గదా అని.

మా రూముల మొగిలి మామది కుడి మోకాలు వోయింది,
ఇరవై ఏండ్లు సెంట్రింగు పని.
కిందికి వంగి బూట్లేసుకోరాదు,
మంచం మీద కూసుంటే పై మంచం తలకు తాకుతది.
మిగిలిన ముక్కలతోటి ఒక పీట జేసిన:
లాంచీ టేకు ఒక పలక,
పాలెట్ చెక్కలు రెండు,
కాళ్లకు ఎవలదో పాత దర్వాజ చౌకట్.
దానికి మాత్రం లప్పం వెట్టిన, నాయిన చెప్పినట్టే.
ఒక్క బొక్క కనవడితే ఒట్టు.

ఎనిమిది నెలలకు బలదియా వాళ్లొచ్చిండ్రు.
మంచం, బీరువా తప్ప రూముల ఏమీ ఉండొద్దట.
కుక్కరు, కుర్చీ, పీట
అన్నీ లారీల వడ్డయ్.
మామ ఏమనలే. తెల్లారి నుంచి
గోడకు ఒరిగి, పండ్లు కొరుక్కుంట బూట్లు తొడిగిండు.

పది దినాలైనంక తుక్కు లారీల
తలకిందులుగ నాలుగు కాళ్లు కనవడ్డయ్.
నా కాళ్లు నేను గుర్తుపట్టనా?
నాకంటె ముందుగాల మేడం చెయ్యి వెట్టింది.
మధ్యల మామ కూసొని కూసొని నునుపైన కాడ
అరచేయి రుద్దుకుంట
"అరవై ఏండ్ల సామాను ఇది" అన్నది.
"ఏ ఊరిదో, ఏ ముసలాయన చేసిండో.
ఆరువందల యాభై రాయి."

చాక్‌పీసు నా చేతులనే ఉంది.
"పురుగు వట్టింది మేడం" అన్న.
"లోపలంత డొల్ల. పక్క సామానుకు గూడ అంటుకుంటది."
నా చేతి పనికి
నా నోటితోటి వెట్టిన మొదటి వంక అది.
ఆమె చెయ్యి ఎనుకకు గుంజుకుంది.
"అవుతల పారెయ్యి" అన్నది.

బియ్యం సంచిల చుట్టి
కంపెనీ బస్సుల ఒడిల వెట్టుకున్న.
సజ్జా దాంక ట్రాఫిక్కు.
పక్క సీటాయన పిలగాడేమో అన్నట్టు
మోకాలు జరిపి జాగిచ్చిండు.

ఇప్పుడు నాలుగున్నరకు
మొగిలి మామ ఎడమ బూటు తొడుగుతడు.
ఎన్కశిరి కుడిది. కుడిదానికి జర సేపు వడతది.
రంజాన్ ముందట మళ్ల చెకింగు ఉందంటున్నరు.
అందుకే ఆయన లేవంగనే
పీటకు బియ్యం సంచి తొడిగి
ఉల్లిగడ్డల పక్కన వెడుతున్న.